అప్‌డేట్: గోదావరి బ్రిడ్జి దగ్గర రైళ్ల ఫొటోలు

రాజమండ్రిలో ఆర్చ్ బ్రిడ్జి మీద వెళ్లే రైళ్లను, పట్టాల మీదికి పోకుండా ఎక్కడి నుంచి తీయొచ్చని అడిగాను కదా. పుష్కర ఘాట్ అన్నారు చాలామంది. వెళ్లొచ్చాను, భేషుగ్గా ఉంది. పొద్దున్నే వెళ్తే ఎండ మన వెనక నుంచి పడుతుంది, పెట్టెల రంగులు కూడా తెలుస్తాయి. సాయంత్రమైతే బ్రిడ్జి, రైలు నల్లటి నీడల్లా వస్తాయి. నాకైతే అవే నచ్చాయి. కాస్త పెద్ద జూమ్ లెన్స్ మాత్రం ఉండాలి.

పాత హేవ్‌లాక్ బ్రిడ్జి ఎక్కమని ఒకరు సలహా ఇచ్చారు. 1997 నుంచి దాని మీద రైళ్లు లేవు, నిజమే. అయినా నేను ఎక్కలేదు, ఆ తుప్పు చూస్తేనే టెన్షన్!

స్టేషన్‌లో మాత్రం పసుపు గీత వెనకే నిలబడ్డాను, ఫ్లాష్ ఆపేశాను. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే పక్క లైన్ సంగతి తెలియదు, ఎలక్ట్రిక్ ఇంజన్లు డీజిల్ వాటిలా గోల చేస్తూ రావు. అందుకే తమ్ముణ్ని పక్కనే కాపలా పెట్టాను. పైన తీగల్లో 25,000 వోల్టులు. తాకకపోయినా, దగ్గరికి వెళ్తేనే షాక్ కొడుతుంది. అందుకని సెల్ఫీ స్టిక్ ఇంట్లోనే వదిలేశాను.

పట్టాల మీదికి వెళ్తే ఏమవుతుందని అడిగినవాళ్లకి: రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.