లిస్బన్ ట్రీటీ వచ్చాక కూడా ఈయూ విదేశాంగ విధానం ఒక్క దేశం దగ్గర ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న:
ఈయూ (యూరోపియన్ యూనియన్) ఎలా నడవాలో మార్చిన లిస్బన్ ట్రీటీ 2009 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చింది, ఇక యూరప్ బయటి ప్రపంచంతో ఒకే గొంతుతో మాట్లాడుతుంది అన్నారు. మరి ఇన్నేళ్ళయినా ఎవరో ఒకరు వద్దంటే మొత్తం ఆగిపోతోంది. అసలు అది మార్చిందేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
మనుషుల్ని, ఆఫీసుల్ని మార్చిందండి, ఓటు పద్ధతిని పెద్దగా ముట్టుకోలేదు. అంతకుముందు కౌన్సిల్ (సభ్య దేశాల మంత్రులు కూర్చునే చోటు) తరఫున విదేశాంగ ప్రతినిధి సోలానా, ఈయూ పాలన నడిపే కమిషన్‌లో ఇంకో కమిషనర్, పైగా ఆరు నెలలకోసారి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారే ప్రెసిడెన్సీ, ఎవరి మాట ఫైనలో బయటివాళ్ళకి అర్థమయ్యేది కాదు. లిస్బన్ సోలానా పదవిని, ఆ కమిషనర్ పదవిని కలిపి హై రిప్రజెంటేటివ్ అనే ఒక్క మనిషికి ఇచ్చి, కింద సొంత దౌత్య సర్వీసు పెట్టింది. 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ రెఫరెండమ్‌లలో ఓడిపోయిన ఈయూ రాజ్యాంగ ముసాయిదాలో ఇదే పదవికి "విదేశాంగ మంత్రి" అని పేరుండేది, ఆ పేరు తీసేశారు, పని మాత్రం ఉంచారు.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్టే, కానీ అసలు ముడి యూరోపియన్ యూనియన్ ట్రీటీలోని ఆర్టికల్ 31లో ఉంది. విదేశాంగ నిర్ణయాలకి మామూలుగా అందరూ ఒప్పుకోవాలి. 2020లో బెలారస్ మీద ఆంక్షలు పెడదామంటే సైప్రస్ ఒప్పుకోలేదు, దానికి బెలారస్‌తో గొడవేం లేదు, టర్కీ మీద కూడా చర్య తీసుకోవాలని పట్టుబట్టింది, దాంతో వారాల తరబడి ఆగింది. అదే వాణిజ్యం చూడండి, అక్కడ ఎక్కువగా మెజారిటీ ఓటే, అందుకే అమెరికా అయినా చైనా అయినా ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్‌తోనే కూర్చోవాలి. ఒకే యూనియన్, రూల్ వేరైతే బలం ఎంత మారుతుందో చూడండి!

ప్రశ్న అడిగినవారు:
మరి మెజారిటీ ఓటుకి మార్చేయొచ్చుగా?

జవాబు 2:
ట్రీటీ మార్చకుండానే దారుందండి, మిలిటరీ విషయాలు తప్ప మిగతావాటిని యూరోపియన్ కౌన్సిల్ (సభ్య దేశాల అధినేతల వేదిక) మెజారిటీకి మార్చొచ్చు. కానీ ఆ నిర్ణయానికే ఏకగ్రీవం కావాలి, వీటో ఉన్నవాళ్ళే వీటో వదులుకోవాలి.

జవాబు 3:
నేను కొంచెం వేరేగా చూస్తాను. మాల్టా లాంటి చిన్న దేశానికి వీటో పోతే, తన పక్కనున్న సముద్రం గురించి కూడా పెద్ద దేశాలే తేల్చేస్తాయన్న భయం న్యాయమైనదే. నచ్చకపోతే అడ్డుపడకుండా పక్కకి తప్పుకునే వీలు ట్రీటీలోనే ఉంది. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌తో చేరిక చర్చలు మొదలుపెట్టే నిర్ణయం అప్పుడు వ్యతిరేకిస్తున్న అప్పటి హంగరీ ప్రధాని ఓర్బాన్ గదిలోంచి బయటికెళ్ళారు, మిగతా 26 మంది ఓకే చేశారు. ముందు ఇలాంటి దారులు బాగా వాడాలి, వీటో మొత్తం తీసేయడం గురించి తర్వాత మాట్లాడొచ్చు.