ఇష్టమైన విద్వాంసుల సంగీతం చిత్రంలోకి ఎలా వస్తుంది?

ప్రశ్న – నీటిరంగులు (కాకినాడ)

అందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్లుగా చిత్రాలు వేస్తున్నాను. పనికి కూర్చునే ముందు చిట్టిబాబు గారి వీణ వినడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు. రేడియోలో ఆయన కచేరీ వచ్చిందంటే మా నాన్నగారు స్టూలు దగ్గరకు జరుపుకుని కూర్చునేవారు. వంటింట్లో గిన్నె చప్పుడైనా ఊరుకునేవారు కాదు. ఆ సంగీతానికి కృతజ్ఞతగా గత ఏడాది ఒక చిత్రమాల మొదలుపెట్టి ఆరు చిత్రాలు పూర్తి చేశాను. ఆరింటిలోనూ వీణ ఉంది: ఒకదానిలో కుండ, ఒకదానిలో వీణ చివర ఉండే యాళి (సింహం లాంటి కల్పిత జంతువు) ముఖం, మరొకదానిలో మెట్ల మీద వేళ్లు. చూసినవారు మెచ్చుకున్నారు. కానీ వాటిని వరుసగా గోడకు ఆనించి చూసుకున్నప్పుడు, ఆయన వాదన ఒక్కసారి కూడా వినని మనిషి ఫొటో దగ్గర పెట్టుకుని వేసినా ఇలాగే ఉంటాయి కదా అనిపించి మనసు కుంగిపోయింది. వింటున్నప్పుడు నాలో కదిలేది ఒకటి, కాగితం మీదికి వచ్చేది మరొకటి. తమకు ప్రాణమైన సంగీతకారుల నుంచి చిత్రకారులు నిజంగా ఏమి తీసుకున్నారో, దాన్ని గీతగా, రంగుగా ఎలా మార్చుకున్నారో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1 – చిత్రకళా విద్యార్థి

మీ ప్రశ్న చదవగానే నాకు రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ గుర్తుకు వచ్చారు. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో ఆయన స్వరకర్త షోన్‌బెర్గ్ రచనల కచేరీకి వెళ్లారు. పాశ్చాత్య సంగీతంలో స్వరాలన్నిటినీ ఒక ఆధార స్వరానికి కట్టి ఉంచే పద్ధతిని షోన్‌బెర్గ్ వదిలిపెడుతున్న కాలం అది. ఆ కచేరీ విన్న వెంటనే కాండిన్‌స్కీ వేసిన ‘ఇంప్రెషన్ 3’ అనే చిత్రం ఇప్పుడు మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది. అందులో పియానో లేకపోలేదు, కానీ అది పెద్ద నల్లని ఆకారంగా మాత్రమే ఉండి, దాని పక్క నుంచి పసుపు రంగు చిత్రమంతా పొంగి పారుతుంది. కూర్చున్న శ్రోతలు వంపు గీతలుగా మిగిలిపోతారు. అదే నెలలో ఆయన షోన్‌బెర్గ్‌కు ఉత్తరం రాస్తూ, మీ సంగీతంలో ఒక్కో స్వరపంక్తి తన బతుకు తాను బతుకుతున్న తీరునే నేను చిత్రాల్లో వెతుకుతున్నాను అన్న భావం తెలిపారు. అంటే ఆయన తీసుకున్నది వాద్యాన్ని కాదు, ఆధారాన్ని వదిలిపెట్టే ధైర్యాన్ని.

డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ ఇంకా ముందుకు వెళ్లారు. 1940లో న్యూయార్క్ చేరిన తరువాత ఆయనకు బూగీవూగీ పియానో సంగీతం మీద విపరీతమైన మక్కువ కలిగింది. ఎడమ చేయి ఒకే లయను ఆపకుండా తిప్పుతుంటే కుడి చేయి దాని మీద ఎదురు దెబ్బలు వేయడం ఆ సంగీతపు పద్ధతి. ఏళ్ల తరబడి తన చిత్రాలకు ఎముకల్లా నిలిచిన నల్లని గీతలను ఆయన ‘బ్రాడ్వే బూగీవూగీ’ (1942–43)లో పూర్తిగా తీసివేసి, పసుపు పట్టీల మీద ఎరుపు, నీలం, బూడిద రంగుల చిన్న చతురస్రాలను తాళం వేసినట్లు పేర్చారు. దానిలో పియానో మచ్చుకైనా లేదు. మీ వీణను కూడా చిత్రంలో నుంచి తీసివేసి చూడండి.

జవాబు 2 – శ్రోత (చెన్నై)

పై మిత్రులు చెప్పిన ఉదాహరణలు విలువైనవే గానీ, వాద్యాన్ని తీసివేస్తే సంగీతం దానంతట అదే వచ్చి చేరుతుందన్న మాటతో నేను ఏకీభవించలేను. ఎస్. రాజం గారిని (1919–2010) తలుచుకోండి. సంగీతత్రయం అనగానే మన కళ్ల ముందుకు వచ్చే త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రుల రూపాలు చాలావరకు ఆయన కుంచె నుంచి వచ్చినవే. మద్రాసు ఆకాశవాణిలో పనిచేసిన ఆయన స్వయంగా గాయకుడు. కర్ణాటక సంగీతంలో మూలరాగాలైన 72 మేళకర్తలలో 40 వివాది రాగాలు (పక్కపక్కనే పొసగని స్వరాలు ఉన్నవి) కాగా, వాటిని దోషమని చాలామంది పక్కన పెట్టిన రోజుల్లో ఆయన పట్టుబట్టి పాడారు. అంతగా లోపలి నుంచి తెలిసిన మనిషి కాబట్టే, ఆ వాగ్గేయకారుల రూపాలను మనం మారుమాట లేకుండా ఒప్పుకున్నామని నా నమ్మకం.

రాగాలకు మనుషుల రూపమిచ్చి వేసిన మన రాగమాలా చిత్రాల్లో తోడి రాగిణిని చూడండి. వనంలో ఒక స్త్రీ చేతిలో వీణ ఉంటుంది, లేళ్లు ఆమె దగ్గరకు వచ్చి నిలబడి ఉంటాయి. వీణ ఉన్నా నా దృష్టిలో ఆ చిత్రం వీణది కాదు. మెడ ఎత్తి వింటున్న ఆ లేడిది. మీరు ఆరు చిత్రాల్లోనూ వాయించే చేతినే వేశారు. వినేవారు ఎక్కడ? గిన్నె చప్పుడుకు కూడా ఒప్పుకోని మీ నాన్నగారి సంగతి ప్రశ్నలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు.

జవాబు 3 – కలంకారీ (శ్రీకాళహస్తి)

నాకు తెలిసినది నా చేతి పని ఒక్కటే కనుక దాని గురించే రాస్తాను. మా కలం వెదురు పుల్ల. మొన పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తాము. ఆ ఉన్ని కసిం పీల్చుకుంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. బెల్లపు నీళ్లలో తుప్పు ఇనుము నానవేసి చేసిన ఆ కసిం, కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. చెరపడానికి వీలు లేదు. అందుచేత గీత మధ్యలో చేయి తడబడితే అది గుడ్డ ఉన్నంత కాలం కనిపిస్తుంది.

నేను పని చేస్తూ వినేది కరవది నుంచి వచ్చిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం. ఆయన ఆలాపనలో ఒక పలుకు ఎక్కడ ముగుస్తుందో ముందుగా తెలియదు. ముగిసిందనుకున్న చోట నుంచి మరికొంత సాగి, అప్పుడు దిగుతుంది. కొన్నేళ్లు విన్న తరువాత నా గీతలు పొడుగయ్యాయని నా గురువుగారు గమనించి చెప్పారు. అంతకుముందు అమ్మవారి పైట అంచును నాలుగు అతుకులుగా గీసేదాన్ని, ఇప్పుడు ఒక్క ఊపిరిలో వస్తుంది. కనుక మీరు కూడా కొన్నాళ్లు చిత్రం సంగతి మరచిపోయి, ఒకే ఆలాపన వింటూ ఒట్టి గీతలే గీయండి. వీణలో తీగను మెట్టు మీదే పక్కకు లాగి, చోటు మారకుండానే రెండు మూడు స్వరాలు పలికిస్తారు కదా. కుంచెను ఎత్తకుండా, ఒత్తిడి మాత్రమే మారుస్తూ అలాంటి గీత వస్తుందేమో చూడండి.

నీటిరంగులు (కాకినాడ)

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. కలంకారీ గారు చెప్పినట్లు పది రోజులు ఒకే ఆలాపన వింటూ సిరాతో గీతలు గీశాను. ఇన్నేళ్లూ నేను మీటే కుడిచేతినే వింటున్నానని, మీటిన తరువాత తీగను లాగే ఎడమచేతిని వినలేదని మూడో రోజున తెలిసింది. సుమారు రెండు వందల గీతల్లో నాలుగు దాచుకోదగినవిగా ఉన్నాయి. నాలుగూ మధ్యలో లావై, చివర దాదాపు కనిపించకుండా పోయేవే. చెన్నై మిత్రులకు ఒక్క మాట: ఏడో చిత్రం మొదలుపెట్టాను. అందులో వీణ లేదు, స్టూలు ఉంది. నాన్నగారి వీపు, రేడియో వైపు వంగిన మెడ, ఆ నాలుగు గీతల్లో ఒకదానితో వేశాను. వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని ఆగిపోయిన అమ్మను ఇంకా వేయవలసి ఉంది.