ఒకటి ముగిశాకే ఇంకొకటా, నాలుగూ కలిపి నడపాలా? ఇంటి కుట్టుపనిపై చర్చ

గోదావరి గట్టు:
మా ఇంట్లో కుట్టు మిషను ఒకటి, మొదలుపెట్టిన పనులు నాలుగు. పాపకు శ్రావణ శుక్రవారానికి పట్టు లంగా, జాకెట్టు. నాకు రెండు లైనింగ్ జాకెట్లు. హాలు కర్టెన్లకు అంచు మడత. వీటన్నిటి కిందా పాత నేత చీరల బొంత, సగం కుట్టి మడతపెట్టినది.

మా అత్తగారి సిద్ధాంతం ఒకటే: చేతిలోది పూర్తి కాకుండా కొత్త గుడ్డకు కత్తెర పెట్టకూడదు. ఇంటిల్లిపాదికీ ఒంటిచేత్తో కుట్టిన మనిషి కాబట్టి ఆవిడ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. కానీ పొద్దస్తమానం ఒకే జాకెట్టు పట్టుకుని కూర్చుంటే డాట్లు (ఒంటికి అమరేలా వేసే మడత కుట్లు) దాటేసరికి నాకు విసుగొస్తుంది. పని మారిస్తే చెయ్యి మళ్ళీ హుషారుగా కదులుతుంది. మీరేమంటారు? ఇళ్ళలో కుట్టుకునేవాళ్ళ గురించే అడుగుతున్నాను, దుకాణాల సంగతి కాదు.

కొలత జాకెట్టు:
నా ఓటు అత్తగారికే. నాలుగు పనులు ఒకేసారి పెట్టుకోవడాన్ని మా ఇంట్లో ఆరంభశూరత్వం అంటారు. గుడ్డ కొనడం సరదా, కత్తిరించడం సరదా, మిషను మీద పొడుగు కుట్లు లాగించడం సరదా. హుక్కులు, కాజాలు, కింద అంచు చేతికుట్టు దగ్గరికి వచ్చేసరికి "అది తర్వాత చూద్దాంలే" అని ఇంకో గుడ్డ తీస్తాం. దాంతో నాలుగు పనులూ ఒకే చోట ఆగుతాయి. హుక్కులు పడని జాకెట్లు లేని బీరువా ఎవరింట్లో ఉందో చెప్పండి.

ఆగిపోయిన గుడ్డ ఊరికే కూర్చోదు. గుండుసూదులు అలాగే వదిలేస్తే తేమకు తుప్పు పట్టి పట్టు మీద మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. జరీ గుడ్డ నెలల తరబడి ఒకే మడత మీద ఉంటే మడత దగ్గరే చిట్లుతుంది. సుద్ద గీతలు చెరిగిపోతాయి. ఆ రంగుకని వెతికి తెచ్చిన దారం రీలు ఇంకెందుకో వాడేస్తాం. మళ్ళీ కొట్టుకు వెళితే దగ్గర రంగు దొరుకుతుందే తప్ప అదే రంగు దొరకదు. ఇక పిల్లల బట్టలంటారా, ఉగాదికి కొలిచి కత్తిరించిన లంగా దసరాకు బయటికి తీస్తే చీలమండ పైకి వచ్చి కూర్చుంటుంది.

డల్లాస్ దారం:
నేను మాత్రం అత్తగారి వైపు కాదు. నేను ఎక్కువగా కుట్టేది క్విల్టులు, అంటే అతుకుల బొంతలు. ఇక్కడ అమెరికా పద్ధతిలో ఆ పనికి మెట్లు ఉంటాయి. ముక్కలు కత్తిరించడం, వాటిని చదరాలుగా అతకడం, చదరాలన్నీ కలిపి పైపొర చేయడం, కింద పొరకూ పైపొరకూ మధ్య దూది పొర పరచి మూడింటినీ కలిపి కుట్టడం, చివర చుట్టూ అంచు పట్టీ. ఆ మూడు పొరల కుట్టును లాంగ్‌ఆర్మ్ అనే పెద్ద మిషను ఉన్నవాళ్ళకు ఇచ్చి చేయించుకోవడం ఇక్కడ మామూలే. చదరపు అంగుళానికి ఇంత అని తీసుకుంటారు. ఒక్కోసారి మన వంతు రావడానికి వారాలు పడుతుంది. అన్నాళ్ళూ చేతులు కట్టుకుని కూర్చోమంటారా?

అదీ కాక, బుర్ర పెట్టాల్సిన పని వేరు, చెయ్యి ఒక్కటే చాలిన పని వేరు. కొలతలు, కత్తిరింపు పొద్దున్నే ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కావాలి. అంచు పట్టీ చేతికుట్టు రాత్రి టీవీ ముందు కూడా సాగుతుంది. ఒకే పని అనే నియమం పెట్టుకుంటే రోజులో సగం వేళలు ఆ పనికి పనికిరాకుండా పోతాయి.

అయితే ఎక్కడ పడితే అక్కడ ఆపమని చెప్పడం లేదు. చదరాలు అతికే మధ్యలో నేను మిషను మీద ఇంకో గుడ్డ పెట్టను. మా అతుకు పావు అంగుళం. అందులో అంగుళానికి పదహారో వంతు తేడా వస్తే రెండు ముక్కలకూ కలిపి ఎనిమిదో వంతు పోతుంది. అడ్డంగా 12 అతుకులుంటే మొత్తం అంగుళంన్నర. మధ్యలో మిషను పాదం మార్చి, సూది మార్చి, జాకెట్టు కుట్టి తిరిగొస్తే సరిగ్గా ఇలాగే తేడా వస్తుంది. సగం చదరాలు ఒక కొలత, సగం ఇంకో కొలత.

కత్తెర మామయ్య:
దుకాణాల సంగతి వద్దన్నావమ్మా, అయినా దుకాణంలో బతికినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను. మీరంతా పనులు లెక్కపెడుతున్నారు. ఎన్ని మొదలుపెట్టామన్నది కాదు, ఎన్నిటి మీద కత్తెర పడిందన్నది చూడండి. కత్తెర పడని గుడ్డ ఎన్నాళ్ళున్నా గుడ్డే. నచ్చకపోతే కొట్టుకు తిరిగి ఇవ్వవచ్చు, చెల్లెలికి పెట్టవచ్చు, జాకెట్టు అనుకున్నది పాపకు గౌను చేయవచ్చు. కత్తెర పడిన గుడ్డ అప్పు లాంటిది. తీర్చేదాకా నెత్తి మీద ఉంటుంది.

మంచి దుకాణంలో కటింగ్ మాస్టరు ఒక విడతలో పది జాకెట్లు కత్తిరిస్తాడు, నిజమే. కానీ ఒక్కొక్క దాని ముక్కలన్నీ వీపు భాగంలో చుట్టి, లైనింగ్, హుక్కుల పట్టీ, మెడ పైపింగ్ గుడ్డ లోపలే పెట్టి, కొలతల చీటీ గుచ్చి, గుడ్డ పేలికతో కట్టేస్తాడు. కుట్టేవాడు ఆ కట్ట విప్పితే ఇంక దేనికీ లేవక్కరలేదు. ఇళ్ళలో జరిగేదేమిటంటే, చెయ్యి ఒక సంచిలో, పట్టీ ఇంకో సంచిలో, కొలతలు కాలెండరు వెనక. అలాంటి ఇంట్లో రెండు పనులు కూడా ఎక్కువే. కట్ట కట్టే అలవాటు ఉంటే ఆరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

దారం రీలు గురించి పై అమ్మాయి అన్నది సరైన మాట. రీలు చివర అంటించిన కాగితం మీద రంగు నంబరు ఉంటుంది. అది కొలతల చీటీ మీద రాసి పెట్టండి.

కొలత జాకెట్టు:
మామయ్య గారూ, మీ దుకాణంలో కత్తిరించేవారు ఒకరు, కుట్టేవారు ఒకరు, హుక్కులకు ఇంకొకరు. ఇంట్లో అన్నీ ఒకే మనిషి. ఆ మనిషికి మధ్యలో పాలు పొంగుతాయి, గ్యాస్ అతను వస్తాడు, పిల్లాడి స్కూలు బస్సు వస్తుంది. ఆరు కట్టలు కట్టిపెట్టినా అవి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటాయి.

డల్లాస్ గారికి కూడా ఒక మాట. మీ క్విల్టుకు గడువు లేదు. శ్రావణ శుక్రవారానికి గడువుంది.

రాత్రి బాబిన్:
నేను ఇంట్లోనే కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకునేదాన్ని. చుట్టుపక్కల అపార్టుమెంట్ల వాళ్ళు ఇస్తారు. నాకు ఒకటి అయ్యాక ఒకటి అనే అవకాశమే లేదు. పెళ్ళి ముహూర్తాలు వచ్చాయంటే అందరూ ఒకేసారి వస్తారు. అందుకే మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి నడుపుతాను. లైనింగ్ గుడ్డలన్నీ ఒక సాయంత్రం నానబెట్టి ఆరేస్తాను. (నానబెట్టకుండా కుట్టిన లైనింగ్ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి పైనున్న పట్టును లాగేస్తుంది. ముడతలు పడ్డాయని తిట్లు మాత్రం మనకు.) ఫాల్స్ కూడా అంతే, తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే చీరకు. ఆ తర్వాత ఒకే రంగు దారంతో పోయేవన్నీ వరసగా. ఎర్ర దారం ఎక్కించానంటే ఎరుపు, మెరూన్, వంగపండు ఛాయలన్నిటికీ లోపలి కుట్లు ఆ రోజే అయిపోతాయి, పైకి కనబడే కుట్టుకు మాత్రం రంగు కలిసిన దారమే. హుక్కులన్నీ ఆదివారం, అమ్మ వచ్చినప్పుడు కబుర్లు చెప్పుకుంటూ.

సూది విషయం ఎవరూ ఎత్తలేదు. పలచని పట్టుకు 11 నంబరు సూది, మామూలు జాకెట్టుకు 14, కర్టెన్ మందానికి 16. నాలుగు రకాల గుడ్డలు ఒకే రోజు కుడితే నాలుగుసార్లు సూది మార్చాలి, దారం బిగువు సరిచూసుకోవాలి, పనికిరాని ముక్క మీద ఒక కుట్టు వేసి చూసుకోవాలి. ఎవరూ మార్చరు. కర్టెన్ కుట్టిన సూదితోనే పట్టు కుట్టేస్తారు, పోగు లాగేసిందని మిషన్ను తిడతారు. గోదావరి గట్టు గారూ, మీ నాలుగు పనుల్లో అసలు గొడవ ఇదే అనుకుంటాను.

పాత చీర:
అందరూ జాకెట్ల గురించే మాట్లాడుతున్నారు. బొంతను మాత్రం ఈ లెక్కలోంచి తీసెయ్యండి. సగంలో ఆగడానికే పుట్టింది బొంత.

అయిదున్నర మీటర్ల నేత చీరను సగానికి మడిస్తే పొడవు రెండు మీటర్ల డెబ్బై అయిదు, వెడల్పు చీర పన్నా ఎంతుంటే అంత. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు పొరలు. వేసవి రాత్రి కప్పుకోవడానికి చాలు. చలికి మూడు చీరలు. మెత్తబడి చిరిగిన చీర లోపలికి, అంచు బాగున్నది పైకి. నేల మీద పరచి, ముడతలు లేకుండా మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమిరి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేస్తారు. ఈ ఒక్క పని మాత్రం ఒకే బిగిన కావాలి, మధ్యలో లేచారా పొరలు జరుగుతాయి. కచ్చా కుట్లు పడ్డాక దానికి ఏ భయమూ లేదు. వేలెడు దూరంలో వరస తర్వాత వరస, పొడవాటి సూదితో పరుగు కుట్టు. ఏ వరసలో ఆపినా గుడ్డ కదలదు. ఆర్నెల్ల తర్వాత తీసినా కుట్టు ఎక్కడ ఆగిందో కళ్ళకు కనబడుతుంది. కొలతల్లేవు, గడువు లేదు, మిషను అక్కరలేదు.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్ధి తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది బొంతలు చూడండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట చుట్టూ కుట్టుకుంటూ మధ్యకు వస్తారు, పాత బట్టల ముక్కలు పైన పరచుకుంటూ పోతారు. ముందే అంతా కత్తిరించి పెట్టుకోవాల్సిన పని లేదు, ఇంట్లో ఏ పేలిక దొరికితే అది. తీరిక వేళల్లో సాగే పని కాబట్టి పద్ధతి కూడా దానికి తగ్గట్టే ఏర్పడింది.

నరసాపురం అల్లిక:
మా వైపు క్రోషే లేసు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి (2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది). పెద్ద బల్ల గుడ్డను ఒకే మనిషి మొదటి నుంచి చివరిదాకా అల్లాలని లేదు. పువ్వులు, చదరాలు విడివిడిగా అల్లుతారు, వాటిని కలిపి అతికే పని వేరేవాళ్ళు చేస్తారు. చేతిలో పట్టే చిన్న ముక్క కాబట్టి పొయ్యి దగ్గర, వాకిట్లో, ఎక్కడైనా సాగుతుంది. పని చిన్న ముక్కలుగా విడిపోయేదైతే ఎన్ని చేతిలో ఉన్నా నష్టం లేదని నా అభిప్రాయం.

కత్తెర మామయ్య:
లేసు పువ్వు ఎవరి ఒంటికీ సరిపోనక్కరలేదమ్మా. జాకెట్టు చెయ్యి చంకలో సరిగ్గా కూర్చోవాలి. రెండు చేతులూ ఒకే పూట కుట్టినవాటికీ, ఒకటి ఇవాళ, ఒకటి వచ్చే వారం కుట్టినవాటికీ తేడా నేను దూరం నుంచే చెప్పగలను.

గోదావరి గట్టు:
ఇంత మంది రాశారు, సంతోషం. కర్టెన్లు మడిచి అటక మీద పెట్టేశాను. వాటికి కత్తెర పడలేదు కాబట్టి మామయ్య గారి లెక్కలో అవి పనే కాదు. పాప లంగా మొదట. నా రెండు జాకెట్లలో ఒకటి అదే రంగు దారంతో పోతుంది కాబట్టి దానితో పాటే. రెండోది కట్ట కట్టి చీటీ గుచ్చాను. బొంత మంచం పక్కనే ఉంటుంది. అత్తగారు మాత్రం "అయితే మూడు పనులు నడుస్తున్నట్టేగా" అన్నారు.

ఒక సందేహం. పట్టు మీద గీతలకు సుద్ద వాడాలా, అరిగిన సబ్బు ముక్క వాడాలా?

రాత్రి బాబిన్:
ముదురు రంగు నూలు గుడ్డకు ఎండిన సబ్బు ముక్క బాగుంటుంది, ఉతికితే పోతుంది. నీళ్ళు తగలకూడని పట్టుకు వద్దు. దానికి పొడి సుద్ద, లోపలి వైపున, లేదా దారంతో కచ్చా కుట్టు గుర్తులు. మైనం సుద్ద మీద ఇస్త్రీ పెట్టకండి, మరక దిగుతుంది.

కొలత జాకెట్టు:
అత్తగారి లెక్కే సరైనది, మూడే. శ్రావణ శుక్రవారం రాత్రి వచ్చి లంగా కింద అంచు చేతికుట్టు అయిందో లేదో ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఈ చర్చ ముగిసినట్టు నేను ఒప్పుకోను.