ఇంటి ముందు గ్రావెల్ నేలలో తుమ్మి రావాలంటే ఏం చేయాలి?

అవ్వ మనవరాలు:
అందరికీ నమస్కారం. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు పోయినేడాది ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ గోడకీ రోడ్డుకీ మధ్య ఆరడుగుల జాగా మిగిలింది. అంతా గ్రావెల్, సిమెంటు పెళ్లలు, లారీలు తిరిగి గట్టిపడిన ఎర్రమట్టి. అక్కడ తుమ్మి పెంచాలని నా ఆశ. మా అవ్వ కార్తీక సోమవారాల్లో ఒడి నిండా తుమ్మిపూలు కోసుకొచ్చి శివుడికి పెట్టేది, ఇప్పుడు ఆమెకు 80 దాటాయి, గెనిమల (పొలం గట్ల) మీద తిరగలేదు, కపిలతీర్థం పోయినప్పుడు దారంతా వెతికినా నాకు తుమ్మి కనబడలేదు.

జూన్‌లో మా ఊరి నుంచి పది మొక్కలు వేళ్లతో పీకి తెచ్చి నాటితే నాలుగు రోజుల్లో వాడిపోయాయి. గింజలు కూడా తెచ్చి, గుంతలు తీసి, పేడ ఎరువు కలిపి, వేలెడు లోతున పెట్టి రోజూ నీళ్లు పోశాను. గడ్డి మాత్రం దండిగా వచ్చింది. కుండీలో ఒక్క మొక్క బతికింది గానీ అది సన్నగా సాగి పక్కకు వాలిపోయింది, పూలు నాలుగో ఐదో. ఎవరూ పట్టించుకోని రోడ్డు పక్కన అంత బాగా పెరిగేది ఇంత చేసినా నా దగ్గర ఎందుకు రావట్లేదు? మంచి మట్టి ఒక లోడు తోలించమంటారా?

చెనిక్కాయ రైతు:
లోడు తోలించొద్దక్కా, డబ్బులు దండగ. మాది పుంగనూరు వైపు. చెనిక్కాయ చేలో దున్ని మొదటి వాన పడితే చాలు, తుమ్మి దానంతటదే లేస్తుంది, మేము కలుపని పీకుతాం. నేను చూసినంతలో దానికి ఎరువు పడక కాదు, ఎరువేసిన చోట గరికా తుంగా ముందు లేచి కమ్మేస్తాయి, నీడ పడితే తుమ్మి నిలవలేదు. గ్రావెల్‌లో మిగతావి అంత సులభంగా రావు, అందుకే అక్కడ దీనికి చోటు దొరుకుతుంది. మీ కుండీ మొక్క సాగిపోయింది కూడా బలం ఎక్కువై, ఎండ తక్కువై ఉంటుంది.

గింజ చాలా సన్నది, వేలెడు లోతు నుంచి పైకి రాలేదు. నేల పైపైన అంగుళం మందాన గీరి, పిడికెడు గింజలు నాలుగు పిడికిళ్ల ఇసుకలో కలిపి చల్లి, కాలితో తొక్కి వదిలేయండి. పైన మట్టి కప్పొద్దు. మొలకలు వచ్చేదాకా పైతడి ఆరకుండా చూస్తే చాలు, వేరు పట్టాక రోజూ నీళ్లు పోయనక్కర్లేదు. పీకి నాటడం మాత్రం మానుకోండి.

మిద్దె తోట, చిత్తూరు:
పై అన్న చెప్పింది నిజం. గింజలు ఎప్పుడు తీశారో కూడా చూసుకోండి, పచ్చిగా తీసినవైతే ఎంత బాగా చల్లినా రావు. కాడ చుట్టూ బంతిలా గుత్తులుంటాయి కదా, కింది గుత్తులు ముందు ముదురుతాయి. పూలు రాలాక మిగిలిన సన్నటి గొట్టాలు ఎండి గోధుమరంగుకు తిరిగాక అరచేతి మీద బోర్లించి తట్టండి, ఒక్కో గొట్టంలోంచి నాలుగు దాకా గింజలు రాలతాయి. అలా రాలినవే తీసుకోండి. వాటి కోసం శేషాచలం అడవిలోకి మాత్రం పోవద్దు, 2010లో దాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా (రక్షిత జీవావరణంగా) ప్రకటించారు, గెనిమల మీద కావాల్సినన్ని దొరుకుతాయి.

ఎవరినైనా అడిగేటప్పుడు తుమ్మ అనకండి, ముళ్ల తుమ్మ అనుకుంటారు. మా వైపు తమిళం మాట్లాడేవాళ్లు తుంబై అంటారు.

చంద్రగిరి నుంచి:
నాది వేరే భయం. అలాంటి కదిలించిన నేలలో తుమ్మి కంటే ముందు వయ్యారిభామ కలుపు వచ్చి కూర్చుంటుంది. మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో రెండేళ్ల కింద తుమ్మి విరగబూసేది, తేనెటీగలు పొద్దున్నే చేరేవి, మా పిల్లలు పువ్వు లాగి మొదట్లో ఉన్న తీపి చీకేవాళ్లు. ప్లాటు చదును చేయించాక మొత్తం వయ్యారిభామే. అది కనబడగానే, పూతకు రాకముందే, చేతులకు గ్లవ్స్ వేసుకుని వేళ్లతో సహా తీసేయండి, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. కలుపు మందు కొడితే తుమ్మి కూడా పోతుంది.

ఇంకోటి, గింజలన్నీ ఒకేసారి చల్లొద్దు. మనకు జూన్ వానలు ముఖం చాటేసిన ఏడాది కూడా అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. సగం ఇప్పుడు, సగం సెప్టెంబరు ఆఖర్లో చల్లండి. పూత అయ్యాక ఎండిన మొక్కలను ఊడ్చేయకుండా అక్కడే ఉంచితే పై ఏడాదికి గింజ దానంతటదే రాలుతుంది.

అవ్వ మనవరాలు:
లోడు మాట మానేశాను. నేను తెచ్చిన గింజలు సగం పచ్చివే, ఇప్పుడు గుర్తొస్తోంది. ఆదివారం ఊరికి పోతున్నా. ఎండిన గుత్తులు ఏవో అవ్వకు బాగా తెలుసు, గెనిమ దాకా నడవలేకపోయినా ఒక చోట కుర్చీ వేసి కూర్చోబెడతాను, తెచ్చి చూపిస్తే ఆమే ఏరుతుంది. చెనిక్కాయ అన్నా, గోడ నీడ మధ్యాహ్నం మూడు నుంచి ఆ జాగా మీద పడుతుంది, పొద్దుటి ఎండ సరిపోతుందా?

చెనిక్కాయ రైతు:
సరిపోతుందక్కా. రోడ్డు వైపు అంచున ఎక్కువ చల్లండి, గోడ పక్క తక్కువ.