‘కొవ్వు కరగడం’ అనొచ్చా? ఇంకో మాట ఉందా?

పోస్టు: అందరికీ నమస్కారం. వ్యాయామం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘గంటసేపు నడిస్తే కొవ్వు కరుగుతుంది’ అని రాశాక సందేహం పట్టుకుంది. మంచు కరుగుతుంది, మైనం కరుగుతుంది. ఒంట్లో కొవ్వు కూడా అలాగే కరుగుతుందా? ‘దహనం’ అంటే పాఠ్యపుస్తకంలా ఉంది. వాడుకలో ఇంకేమైనా మాట ఉంటే చెప్పగలరు.

జవాబు: ‘కరగడం’ జనం నోళ్లలో స్థిరపడిన మాటండీ, తీసేయమని నేననను. కానీ దానివల్ల ఒక అపోహ మాత్రం గట్టిగా పాతుకుపోయింది. మైనం కరిగినా మైనమే, గట్టిగా ఉన్నది కాస్తా జారుగా అవుతుంది, అంతే. అందుకే కొవ్వు కూడా కరిగి చెమటలో కారిపోతుందని చాలామంది నిజంగానే నమ్ముతారు. పొట్ట చుట్టూ ప్లాస్టిక్ కట్టుకుని పరిగెత్తేవాళ్లు ఉన్నారు చూడండి, ఆ నమ్మకంతోనే. చెమటంటే ఒంటిని చల్లబరచడానికి వచ్చే నీరు, కొంత ఉప్పు. అది కరిగిన కొవ్వు కాదు.

లోపల జరిగేది వేరు. కొవ్వు కణాల్లో దాచి ఉన్న కొవ్వు ముందు ఫ్యాటీ ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడిపోతుంది. ఆ ఆమ్లాలు రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని కండరం దాకా వెళ్తాయి. అక్కడ మైటోకాండ్రియాలో, అంటే కణంలో శక్తిని తయారుచేసే భాగాల్లో, మనం పీల్చిన ఆక్సిజన్ సాయంతో పూర్తిగా విచ్ఛిన్నమై శక్తినిస్తాయి. చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీరు. 10 కిలోల కొవ్వు ఇలా వాడుకైపోతే అందులో దాదాపు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలోనే బయటికి పోతాయి, మిగతా 1.6 కిలోలు నీరవుతాయి. అంటే తగ్గిన బరువులో సింహభాగం వెళ్లేది ముక్కు దారినే!

అందుకే నా ఓటు ‘ఖర్చవడం’కి. పిండిపదార్థాలు కరుగుతాయని ఎవరూ అనరు, ఖర్చవుతాయంటే ఇట్టే అర్థమవుతుంది. పైగా ఖర్చు అనగానే నిల్వ ఎంతుందన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. అసలు సంగతంతా అక్కడే ఉంది. పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు నిల్వ ఉంటుంది. గ్రాముకు 4 కిలోకేలరీలు కాబట్టి మొత్తం రెండు వేలు. కొవ్వు గ్రాముకు 9. సన్నగా ఉన్న మనిషి ఒంట్లో కూడా కిలోల కొద్దీ ఉంటుంది, 10 కిలోలంటే 90,000 కిలోకేలరీలు.

మరి అంత కొవ్వు ఉండగా మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక కొందరికి కాళ్లెందుకు ఆడవు? కొవ్వు నుంచి శక్తి నెమ్మదిగా వస్తుంది, అంతే మోతాదు ఆక్సిజన్‌కు పిండిపదార్థం కాస్త ఎక్కువ శక్తినిస్తుంది. కబుర్లు చెప్పుకుంటూ నడిచేటప్పుడు ఖర్చులో కొవ్వు వాటా ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది. మాట్లాడలేనంత ఆయాసం వచ్చిందంటే నడిపిస్తున్నది ప్రధానంగా అదే. అది అడుగంటితే ఆ వేగం నిలవదు. ఇంకో చిత్రం ఏమిటంటే, కండరం తన గ్లైకోజెన్‌ను పక్క కండరానికి గ్లూకోజ్‌గా ఇవ్వలేదు, దానికి కావాల్సిన ఎంజైము కండరంలో లేదు. రక్తంలోకి గ్లూకోజ్ వదిలేది ముఖ్యంగా కాలేయమే.

అలాగని మెల్లగా నడిస్తేనే కొవ్వు తగ్గుతుందని రాసేయకండి. వాటా వేరు, మొత్తం వేరు. వేగంగా నడిస్తే అదే సమయంలో మొత్తం ఖర్చే పెరుగుతుంది. రోజు మొత్తం మీద తిన్నదెంత, ఖర్చయిందెంత అన్నదే లెక్క.

మరో సభ్యురాలు: మరి ‘కండలు కరిగించి పనిచేశాడు’ అంటాం కదండీ? అక్కడ కండ కూడా ఖర్చవుతున్నట్టేనా? నాకైతే ‘కరగడం’లో ఉన్న అందం ‘ఖర్చు’లో లేదు.

జవాబు: ఆ నుడికారాన్ని ముట్టుకోవద్దండీ, అది కష్టం గురించి చెప్పిన మాట. శరీరం లెక్క వేరు. మామూలు వ్యాయామంలో ప్రొటీన్ వాటా చాలా తక్కువ, సాధారణంగా నూటికి 5 లోపే. గ్లైకోజెన్ అయిపోయాక కూడా గంటల తరబడి సాగిస్తే అది పెరుగుతుంది. కొవ్వులా ప్రొటీన్‌కు ప్రత్యేకమైన నిల్వ లేదు. ఒంట్లో ఉన్న ప్రొటీన్ అంతా కండగానో, ఎంజైముగానో ఏదో ఒక పనిలో ఉన్నదే. దాన్ని ఇంధనంగా వాడాలంటే అందులోని నైట్రోజన్‌ను వేరుచేసి కాలేయం యూరియాగా మార్చాలి, అది మూత్రంలో పోవాలి. అంత శ్రమ ఉంది కాబట్టే శరీరం దాని జోలికి తొందరగా పోదు. కడుపు మాడ్చుకుని, బరువులెత్తే వ్యాయామం మానేసి బరువు తగ్గేవాళ్లకు మాత్రం కండ నిజంగానే తగ్గుతుంది. దానికి మనకో చక్కటి మాట ఉంది, ‘తరగడం’. కండ తరిగింది అంటే తప్పూ లేదు, అందమూ పోదు.

అదే సభ్యురాలు: ‘తరగడం’ బాగుంది! కొవ్వుకీ అదే వాడొచ్చు కదా. మొదటి వారంలోనే కిలోలు కరిగిస్తామనే ప్రకటనల్ని ఏమనాలి మరి?

జవాబు: ఫలితానికి ‘తరగడం’, లోపల జరిగే పనికి ‘ఖర్చవడం’, రెండూ ఉంచుకుందాం. ఆ ప్రకటనల్లోని కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వు కాదండీ. గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గించగానే ముందు గ్లైకోజెన్ ఖర్చవుతుంది, దాంతోపాటు ఆ నీరూ పోతుంది. మళ్లీ మామూలుగా తినగానే రెండూ తిరిగొస్తాయి. అక్కడ ‘నీరు పోయింది’ అని రాయడమే న్యాయం.