మర్చిపోయిన నోట్‌బుక్‌ను బడికి తీసుకెళ్లి ఇవ్వాలా, వద్దా?

గాలిపటం:
పది పన్నెండేళ్ల పిల్లలు హోంవర్క్ నోట్‌బుక్ ఇంట్లో మర్చిపోతారు. బడి నుంచి ఫోన్ వస్తుంది. పెద్దవాళ్లు పరుగున వెళ్లి ఇచ్చి రావాలా? "ఒకసారి టీచర్‌తో తిట్లు తింటే తెలిసొస్తుంది" అని కొందరు, "పిల్లలకు మనం కాకపోతే ఇంకెవరు" అని కొందరు. పేచీ నోట్‌బుక్‌తో ఆగడం లేదు. టీమ్‌లో చోటు దక్కకపోతే కోచ్‌తో మాట్లాడాలా, స్టేజి ఎక్కనని ఏడిస్తే మాన్పించాలా అన్నా ఇదే గొడవ. పిల్లలకు కష్టాన్ని తట్టుకునే శక్తి దేనివల్ల వస్తుందో తెలిసినవాళ్లు కారణాలతో సహా చెప్పండి.

నల్లబల్ల:
ఇవ్వొద్దు. తీసుకెళ్లి ఇచ్చిన ప్రతిసారీ పిల్లలు నేర్చుకునేది ఒక్కటే: మర్చిపోతే ఫోన్ చేయాలి. సంచి సర్దుకోవాలన్న ఆలోచన పెద్దవాళ్ల బుర్రలోనే ఉండిపోతుంది. ఆ వయసులో తప్పు ఖరీదు ఒక మార్కు, ఒక మాట. అంత చవగ్గా నేర్చుకునే అవకాశం పెద్దయ్యాక దొరకదు.

అయితే సగం మంది ఈ పద్ధతిని పాడుచేసేది సాయంత్రం ఇంటికొచ్చాకే. "నేను చెప్పలేదా?" అన్న మరుక్షణం పిల్లల ధ్యాస తమ పొరపాటు మీద నుంచి మన కోపం మీదకు మళ్లుతుంది. "టీచర్‌కు ఏం చెప్పావు? రేపటికి ఏం చేద్దామనుకుంటున్నావు?" అని రెండే ప్రశ్నలు అడిగి ఊరుకోవాలి.

దారిదీపం:
నల్లబల్ల గారూ, అందరికీ ఒకే మందు రాయకండి. ఎందుకు మర్చిపోయారన్నది ముందు చూడాలి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్య) ఉన్న పిల్లలు పదిసార్లు శిక్ష పడినా పదకొండోసారి మర్చిపోతారు. వాళ్లకు చేయాల్సిన పనిని ఆ సమయం వచ్చేదాకా మనసులో నిలుపుకోవడమే కష్టం, శిక్షతో ఆ శక్తి పెరగదు. వాళ్లకు మిగిలేది "నేను ఎందుకూ పనికిరాను" అన్న నమ్మకం.

కష్టపెడితే గట్టిపడతారన్న మాటకూ ఆధారం తక్కువ. హవాయిలోని కావాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మందిని మనస్తత్వవేత్తలు ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ కొన్ని దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు లాంటివి ఒకటికి నాలుగు మీద పడిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లను నిలబెట్టిన వాటిలో ముఖ్యమైనది, చిన్నప్పటి నుంచీ నిలకడగా పట్టించుకున్న పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం. తల్లిదండ్రులే కానక్కర్లేదు, బామ్మ కావచ్చు, టీచర్ కావచ్చు. అవే కష్టాలు పడినా మిగతా రెండు వంతుల మందిలో చాలామందికి చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బందులు వచ్చాయి కదా.

నల్లబల్ల:
పక్కన ఉండటాన్ని నేను కాదనలేదు. పక్కన ఉండటం వేరు, వాళ్ల పని మనం చేసిపెట్టడం వేరు. పిల్లల మానసిక వైద్యులు మైకేల్ రట్టర్ దీన్ని టీకాతో పోల్చారు: తట్టుకోగలిగినంత ఒత్తిడిని ఎదుర్కొని గట్టెక్కినవాళ్లు తర్వాతి దానికి మెరుగ్గా సిద్ధమవుతారు. మోతాదు ముఖ్యం. నోట్‌బుక్ చాలా చిన్న మోతాదు.

వేపచెట్టు:
మీ ఇద్దరి వాదనా మర్చిపోయే పిల్లల చుట్టూనే తిరుగుతోంది. స్టేజి ఎక్కనని ఏడ్చే పిల్లల సంగతి వేరు. అక్కడ "తీసుకెళ్లి ఇవ్వడం" ఎంత చేటు చేస్తుందో వివరంగా చెప్పాలి.

భయం పెరుగుతుంది, పెద్దవాళ్లు తప్పిస్తారు, వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే బహుమతి. మరుసటిసారి భయం ఇంకా ముందే మొదలవుతుంది. ఎక్కి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం పిల్లలకు ఎన్నడూ రాదు. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం 'స్పేస్' అనే పద్ధతిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించింది. ఆందోళన జబ్బులున్న 124 మంది పిల్లలు, వయసు 7 నుంచి 14. సగం మంది పిల్లలకు నేరుగా సీబీటీ (ఆలోచననూ నడతనూ మార్చే మాటల చికిత్స). మిగతా సగంలో 'స్పేస్', అంటే చికిత్స తల్లిదండ్రులకే, పిల్లలు థెరపిస్టు దగ్గరకు రానే లేదు. రెండూ 12 వారాలే. పిల్లల్లో మెరుగు రెండు చోట్లా దాదాపు సమానం. పెద్దవాళ్లు తమ నడత మార్చుకుంటే పిల్లల భయం తగ్గుతుందన్న మాట.

ఆ దారిలో ఇంట్లో చేయగలిగింది ఇది. భయం వల్ల పిల్లల తరఫున మీరు ఏమేం చేస్తున్నారో వారం రోజులు రాసుకోండి. పక్కన పడుకోవడం, వాళ్ల బదులు సమాధానం చెప్పడం, "ఏం కాదు కదా?" అని ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ "కాదు" అనడం. అందులోంచి ఒక్కటి తీసుకోండి, రోజూ జరిగేదీ, పూర్తిగా మీ చేతిలో ఉన్నదీ. పిల్లలు ప్రశాంతంగా ఉన్నప్పుడు ముందే చెప్పండి: "నీకు చాలా భయమేస్తుందని నాకు తెలుసు. దాన్ని నువ్వు తట్టుకోగలవనీ తెలుసు. సోమవారం నుంచి ఆ ప్రశ్నకు రాత్రి రెండుసార్లే జవాబు చెబుతాను." మొదటి వాక్యం ఒక్కటే అంటే జాలి అవుతుంది, రెండోది ఒక్కటే అంటే కొట్టిపారేసినట్టు అవుతుంది. రెండూ కావాలి.

చెడేది ఎక్కడంటే, మొదటి రోజుల్లో ఏడుపు పెరుగుతుంది. అది మామూలే. పది నిమిషాలు గట్టిగా ఉండి పదకొండో నిమిషంలో లొంగిపోతే, పదకొండు నిమిషాలు ఏడిస్తే పని జరుగుతుందని నేర్పినట్టే. మళ్లీ మాన్పించడం ఇంకా కష్టం. నాన్న ఒకలా, అమ్మ ఒకలా ఉన్నా అంతే.

స్టేజి భయానికి మెట్లు కట్టాలి. ప్రతి మెట్టుకూ పిల్లలే 0 నుంచి 10 దాకా భయానికి అంకె వేయాలి. గదిలో ఒంటరిగా చదవడం, ఇంట్లో ఇద్దరి ముందు, బంధువులు నలుగురి ముందు, ఖాళీ స్టేజి మీద, చివరికి తరగతి ముందు. అంకె 3 లేదా 4 ఉన్నచోట మొదలుపెట్టి, అదే మెట్టు వారంలో నాలుగైదుసార్లు చేయించాలి. ఒక్కసారిగా 9 దగ్గరకు తోసేసి "ఈత రావాలంటే నీళ్లలో పడేయాలి" అనేవాళ్లు భయాన్ని రెట్టింపు చేస్తారు.

గాలిపటం:
అర్థమైంది. అసలు తట్టుకోమని వదిలేయకూడని సందర్భం ఏదో ఎలా గుర్తుపట్టాలి?

దారిదీపం:
రెండు వారాలు దాటినా దిగులో చిరాకో వీడకపోవడం, ఇష్టమైన ఆటలు కూడా మానేయడం, బడి ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వచ్చి సెలవు రోజు లేకపోవడం, వస్తువులు చిరిగో పోయో ఇంటికి రావడం. చివరి రెండూ చాలాసార్లు వేధింపుకు గుర్తులు. ఒక గుంపు కలిసి ఒక్కరినే వేధిస్తుంటే "నువ్వే చూసుకో" అనకూడదు, పెద్దవాళ్లు బడికి వెళ్లి మాట్లాడాల్సిందే. చచ్చిపోవాలనుందనే మాట వస్తే సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టు కాదు. ఇంట్లో మందులు, పురుగుమందులు తాళం వేసి, ఒంటరిగా వదలకుండా, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇంకొకటి. మొండితనం అనుకునేది చాలా ఇళ్లలో నిద్రలేమి. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. అది సరిచేయకుండా మిగతావి మొదలుపెడితే శ్రమ దండగ.

నల్లబల్ల:
ఈ మినహాయింపులు ఒప్పుకుంటాను. నేను చెప్పకుండా వదిలేసిన దాన్ని కూడా సరిదిద్దుకుంటాను: ఉన్నట్టుండి సాయం ఆపితే పిల్లలకు అది శిక్షలా కనిపిస్తుంది. మొదటి వారం రాత్రిపూట ఇద్దరూ కలిసి సంచి సర్దాలి. తలుపు దగ్గర ఐదు వస్తువుల చీటీ అంటించాలి, రాసేది పిల్లలే. రెండో వారం వాళ్లు సర్దుతుంటే మనం చూడటం. మూడో వారం "చూసుకున్నావా?" అన్న మాట ఒక్కటే. నాలుగో వారం అది కూడా లేదు. పొద్దున సర్దించకండి, ఆ హడావిడిలో మనమే లాక్కుని సర్దేస్తాం.

దారిదీపం:
ఇది బాగుంది. ఏడీహెచ్‌డీ పిల్లలకు మాత్రం ఆ చీటీ ఏళ్ల తరబడి ఉండాలి, కళ్లజోడును ఎవరూ మాన్పించరు కదా. మిగతావాళ్లకైనా నెలకొకసారి తీసుకెళ్లి ఇస్తే కొంపలేం మునగవు. పెద్దవాళ్లు ఫోన్ మర్చిపోతే ఇంట్లోవాళ్లు తెచ్చివ్వడం లేదా?

నల్లబల్ల:
నెలకొకసారి అంటే ఎప్పుడు ఇస్తారో పిల్లలకు తెలియదు. వేపచెట్టు గారు పదకొండో నిమిషం గురించి చెప్పింది ఇదే.

వేపచెట్టు:
పూర్తిగా అదే కాదండీ. ఏడుపుకు లొంగి ఇవ్వడం వేరు, "టర్ముకు రెండుసార్లు, ఎప్పుడు వాడుకోవాలో నీ ఇష్టం" అని ముందే ఒప్పుకున్నది వేరు. ఆ లెక్క పిల్లల చేతిలో ఉంటే దాచుకోవడం కూడా నేర్చుకుంటారు. మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు మీరు నిలబడగలరా అన్నదే ప్రశ్న. నిలబడలేకపోతే నల్లబల్ల గారి దారే మేలు.

పదిహేనేళ్లు దాటినవాళ్ల దగ్గర ఇవేవీ నడవవు. వాళ్లను "వినమంటావా, సలహా చెప్పమంటావా, కల్పించుకోమంటావా?" అని అడగాలి. కోచ్‌తో మాట్లాడాల్సింది వాళ్లే. చోటు ఎందుకు దక్కలేదు, ఏం మెరుగుపరుచుకోవాలి, మళ్లీ ఎప్పుడు చూస్తారు అనే మూడు ప్రశ్నలు ఇంట్లో ఒకసారి సాధన చేయించి పంపండి. కోచ్ అవమానించినా, చెయ్యి చేసుకున్నా ఆ పని పెద్దవాళ్లది.

గాలిపటం:
మరి ఇన్‌హేలర్ మర్చిపోతే? పరీక్ష హాల్‌టికెట్ మర్చిపోతే?

నల్లబల్ల:
ఇన్‌హేలర్, కళ్లజోడు, మందులు అయితే వెంటనే పట్టుకెళ్లండి. ఏడాది పోయే పరీక్ష రోజు హాల్‌టికెట్ అయినా అంతే, తిట్టకుండా ఇచ్చి రండి. వచ్చే పరీక్షకు ముందు రోజు రాత్రి దాన్ని సంచిలో పెట్టుకునేది మాత్రం వాళ్లే.