“తప్పించుక తిరుగువాడు” ఆఫీసులో కూడా ధన్యుడేనా?

మా తెలుగు భాషా గ్రూప్‌లో మాదాపూర్ నుంచి వచ్చిన పోస్టు, దాని కింద నడిచిన చర్చ:

సుమతీ శతకంలో అందరికీ నోటికొచ్చిన పద్యమే ఇది.

ఎప్పటికెయ్యది ప్రస్తుత
మప్పటికా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ

మా ఆఫీసులో ఈ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజ్ ముందు మీటింగ్ జరిగింది. టీమ్‌లో చేరి ఏడాది కూడా కాని అమ్మాయి లేచి, “ఏదైనా తేడా వస్తే పాత వెర్షన్‌కి ఎలా వెళ్ళాలో మనం ఒక్కసారి కూడా టెస్ట్ చేయలేదు, వారం ఆగుదాం” అంది. గదిలో సగం మందికి ఆ సంగతి ముందే తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. సాయంత్రం మా సీనియర్ ఒకాయన టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో ఈ పద్యం పెట్టి, కింద ఒక స్మైలీ తగిలించారు. ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

రిలీజ్‌కి ఏమీ కాలేదు, బాగానే వెళ్ళింది. దాంతో అందరికీ ఆయనదే కరెక్ట్ అనిపించింది. రోల్‌బ్యాక్, అదే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళడం, మాత్రం ఇప్పటికీ టెస్ట్ కాలేదు. ఇంతకీ నా ప్రశ్న పద్యం గురించి. ఆయన అనుకున్న మాటే ఇందులో ఉందా?

ఉప్పల్ మాస్టారు:

అందరూ కింది రెండు పాదాలే పట్టుకుంటారు. పైకి చూడండి. మనం ఇప్పుడు “ప్రస్తుతం” అంటే ‘ఈ సమయంలో’ అని వాడుతున్నాం. పద్యంలో దాని అర్థం సందర్భానికి తగినది, నడుస్తున్న విషయానికి సంబంధించినది అని. ఆ పాత అర్థం “అప్రస్తుతం”, “అప్రస్తుత ప్రసంగం” అన్న మాటల్లో ఇంకా బతికే ఉంది. ఏ వేళకు ఏది తగునో ఆ మాట ఆడి, అంటున్నాడు కవి. ఆడి! నోరు మూసుకుని అనలేదు. రిలీజ్ మీటింగ్‌లో రిలీజ్ ఎందుకు ఆగాలో చెప్పడం కంటే ప్రస్తుతమైనది ఇంకేముంటుంది? ఆ అమ్మాయి పద్యం చెప్పినట్టే నడుచుకుంది.

పనిలో పనిగా ఇంకోటి. చాలామంది “తాను ఒవ్వక” అని విడదీస్తారు. అది “తా నొవ్వక”. నొచ్చుకోవడం, నొప్పించడం అంతా ఆ కుటుంబమే.

నల్లకుంట పద్యప్రియ:

మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తున్నా. (ఈ చర్చలో అది చెల్లుతుందనే అనుకుంటున్నా.) ఎన్ని మెరుగులు దిద్దినా “తప్పించుక తిరుగు” అంటే తప్పించుకు తిరగడమే. శతకకర్త బద్దెన అంటారు. ఎవరైనా సరే, కొలువుల్లో లోకం పోకడ చూసినవాడు. “అడిగిన జీతం బియ్యని మిడిమేలపు దొర” ఉన్నదీ ఈ శతకంలోనే. ఆ దొరని నిలదీయమన్నాడా? లేదు. వాణ్ణి కొలిచి మిడకడం కంటే ఎద్దుల్ని కట్టుకుని మడి దున్నుకోవడం మేలన్నాడు. కొలువులో నెగ్గుకొచ్చే కిటుకులు చెప్పే చోట సభలో ఎదురు నిలిచే ధైర్యం దొరకదు. పద్యాన్ని మనకి కావలసినట్టు వంచొద్దు. నచ్చకపోతే నచ్చలేదనే అందాం.

కొండాపూర్ టెస్టర్:

మడి దున్నుకోవడానికి ఇక్కడ గజం ఎంత పలుకుతోందో చూశారా అండీ? ఆ దారి మూసుకుపోయింది. ఇక ఏం మాట్లాడినా కొలువులో ఉండే మాట్లాడాలి.

ఉప్పల్ మాస్టారు:

పద్యప్రియ గారి మాట సగం ఒప్పుకుంటాను. అయితే తిక్కన దగ్గరికి వెళ్దాం, ఉద్యోగపర్వానికి. (పేరు చూసి నవ్వకండి, అక్కడ ఉద్యోగమంటే ప్రయత్నం, సన్నాహం.) కౌరవసభలో కృష్ణుడు, ధర్మమూ సత్యమూ చెడిపోతున్నప్పుడు “దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు” అంటాడు. అడ్డుకునే శక్తి ఉండీ ఊరుకున్న వాళ్ళకే చేటు అని. దుర్యోధనుడొక్కడితో సరిపెట్టలేదు చూడండి, తెలిసీ కూర్చున్న పెద్దలందరికీ తగిలే మాట అది. మీ గదిలో సగం మందికి ముందే తెలుసన్నారుగా? వాట్సాప్‌లో పెట్టాల్సిన పద్యం ఇది.

శంషాబాద్ నుంచి:

నేను పనిచేసేది విమానాల మెయింటెనెన్స్‌లో. మాకు ట్రైనింగ్‌లో తప్పకుండా చెప్పే ప్రమాదం ఒకటి ఉంది. 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747లు ఒకే రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది పోయారు. వాటిలో ఒకటైన కేఎల్ఎమ్ సంస్థ విమానం టేకాఫ్‌కి పరుగు మొదలుపెట్టాక, దాని కాక్‌పిట్‌లో ఉన్న ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది. రెండోదైన పాన్ యామ్ సంస్థ విమానం ఇంకా రన్‌వే దిగలేదా అని అడిగాడు. కెప్టెన్ మామూలు మనిషి కాదు, తోటి పైలట్లకే శిక్షణ ఇచ్చే సీనియర్. దిగిపోయిందని గట్టిగా చెప్పాడు. ఇంజినీర్ మళ్ళీ అడగలేదు.

భాషా గ్రూప్ కాబట్టి ఒక మాట. అతను “ఆపండి” అనలేదు, ప్రశ్న వేశాడు. పెద్దవాళ్ళ దగ్గర మనమూ అంతే కదా. “ఇది తప్పు” అనం, “ఇలా అయితే ఏమన్నా ఇబ్బందా సార్?” అంటాం. ఆ తర్వాతి ఏళ్ళలో విమానయానంలో శిక్షణే మారిపోయింది. కింది వాళ్ళకి సూటిగా చెప్పడం నేర్పుతారు, కెప్టెన్‌కి వినడం నేర్పుతారు. రెండోది ఎక్కువ కష్టం అంటారు మా ఇన్‌స్ట్రక్టర్లు.

నల్లకుంట పద్యప్రియ:

రామాయణంలో మారీచుడు రావణుడితో అన్నదీ ఇదే. ఎప్పుడూ ఇష్టమైన మాటలు చెప్పేవాళ్ళు సులభంగా దొరుకుతారు, “అప్రియస్య తు పథ్యస్య వక్తా శ్రోతా చ దుర్లభః”. రుచించకపోయినా మేలు చేసే మాట చెప్పేవాడూ దొరకడు, వినేవాడూ దొరకడు. విదురుడూ ధృతరాష్ట్రుడికి ఇదే శ్లోకం చెబుతాడు. మనం చెప్పేవాడి ధైర్యం గురించే మాట్లాడుకుంటున్నాం. చెప్పిన ఇద్దరికీ వినే దొర దొరకలేదని మర్చిపోతున్నాం.

నానక్‌రామ్‌గూడ నుంచి:

నేనొక టీమ్ నడుపుతున్నాను, అటువైపు నుంచి కూడా వినండి. అమెజాన్ నాయకత్వ సూత్రాల్లో ఒకదాని సారం ఇది: ఒప్పుకోకపోతే, ఇబ్బందిగా ఉన్నా సరే, మర్యాదగా ఎదురు చెప్పడం బాధ్యత. నిర్ణయం అయ్యాక మాత్రం పూర్తిగా కట్టుబడాలి. మా దగ్గర ఇది తలకిందులుగా జరుగుతుంది. మీటింగ్‌లో “ఓకే సార్”, కింద చాయ్ బండి దగ్గర చీల్చి చెండాడడం. నాకు తెలియాల్సింది నాకు తప్ప అందరికీ తెలుస్తుంది. పైవాళ్ళమూ తక్కువ తినలేదు. ఆ సూత్రంలో రెండో సగం మాకు బాగా గుర్తుంటుంది, మొదటి సగం పోస్టర్ మీద ఉంటుంది.

కూకట్‌పల్లి నుంచి (సొంతూరు ఖమ్మం దగ్గర):

మా దిక్కు “మాట్లాడుడు వేరే, ఎదురు మాట్లాడుడు వేరే” అని చిన్నప్పుడే చెప్తరు. కానీ “ఎదురు” అన్నది అంత చెడ్డ మాటేం కాదు. ఎదురెళ్ళి తీసుకొస్తాం, ఎదురు చూస్తాం. భద్రాచలంలో కల్యాణానికి ముందు రోజు ఎదురుకోలు జరుగుతుంది కదా, అక్కడ అర్చకులే రెండు పక్షాలై మా రామయ్య గొప్ప, మా సీతమ్మ గొప్ప అని వాదించుకుంటారు. జనం ఆ వాదన వినడానికే వస్తారు. తెల్లారితే ఆ రెండు పక్షాలూ కలిసి పెళ్ళి చేస్తాయి. నానక్‌రామ్‌గూడ సారు చెప్పిన సూత్రం మాకు కొత్తదేం కాదు.

ఉప్పల్ మాస్టారు:

భేషుగ్గా ఉంది. ఆఫీసుల కోసం నాలుగో పాదం మారుస్తున్నా, యతిప్రాసలు సరిచూసుకోండి.

తప్పులు తెలిపెడు సఖుండు ధన్యుడు సుమతీ

కొండాపూర్ టెస్టర్:

టెస్టర్ల తరఫున ధన్యవాదాలు మాస్టారూ. తప్పులు తెలపడమే మా జీతం. అయినా అప్రైజల్‌లో “కొంచెం నెగెటివ్” అని రాస్తున్నారు. సఖుడు ధన్యుడే, రేటింగే మూడు దాటట్లేదు.

మాదాపూర్ (పోస్టు పెట్టినవారు):

అందరికీ నమస్కారం. నాలుగో పాదం దాచుకుంటున్నా. దీన్ని మా టీమ్ గ్రూప్‌లో పెట్టమంటారా, ఆ సీనియర్‌కి విడిగా పంపమంటారా?

నల్లకుంట పద్యప్రియ:

పద్యం విడిగానే పంపండి. ఆయన చేసిన పనే మీరూ చేయడం ఎందుకు? రోల్‌బ్యాక్ మాట మాత్రం మీటింగ్‌లోనే ఎత్తండి, ఈసారి ఆ అమ్మాయి కంటే ముందు మీరు.